బరువుగాలిలో విన్న మాట

కృత్తిక కార్తె, చివరి రోజులు

ఆ రోజు నా గదిలోకి నన్నారి వాసన ఎక్కడి నుంచి వచ్చింది?

ఎన్నో ఏళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. అప్పటికి బయటి ఎండలకు తాళలేక జనమంతా కొండ తలుపులు మూసుకుని లోపల చేరి చాలా రోజులైంది. లోపల నన్నారి వేరు లేదు, షర్బతు సీసా లేదు. మా అక్క వసుంధర సముద్రం వైపు ఇలాంటిదే వేరే కొండ లోగిలిలో ఉండేది. చిన్నప్పుడు ఆ వేళ్లు నములుతూనే తిరిగేది, ఆమె కప్పుకున్న దుప్పటి కూడా అదే వాసన వేసేది. వాసన తగలగానే నేను గాలి పరిశీలకురాలిగా చేయాల్సిందే చేశాను. మీటరు తెచ్చి నేల మీద పెట్టి చూశాను, మంచం ఎత్తున పెట్టి చూశాను. గాలి శుభ్రం. అదే రాసి సంతకం పెట్టాను. వానలు పడి తలుపులు తెరిచాక కబురు వచ్చింది, అక్క పోయిందని. ఆ రోజేనా, మర్నాడా అంటే కబురు తెచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజే అని వాళ్లు గట్టిగా చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో. కాదని చెప్పి ఉంటే మరిచిపోయేదాన్నేమో. రెండూ కాలేదు.

రోజూ రాయాల్సిన గాలి చిట్టాలో ఇలాంటివాటికి చోటు లేదు. అందుకే ఇది విడిగా రాసుకుంటున్నాను.

ఈ పూట పని సంగతి. అడుగు వరసకు పై వరసలో గోపాలప్పను నిద్రలో ఎవరో కాళ్లు పట్టి లాగుతున్నారట. ఆయన నిబంధన ప్రకారం పొద్దున్నే వచ్చి చెప్పాడు. ఈ లోగిలిలో అందరూ చెబుతారు. కనపడకూడనిది కనపడినా, వినపడకూడనిది వినపడినా వెంటనే చెప్పాలి. ఎవరూ నవ్వరు. ఎందుకంటే అది ముందుగా గాలికి సంబంధించిన విషయం. ఈ సున్నపురాతి కొండలోంచి బరువుగాలి ఊరుతుంది, మన ఊపిరీ దానికి తోడవుతుంది. అది నేలబారున చేరుతుంది, మనిషికి మత్తునిస్తుంది, లేనివి చూపిస్తుంది. దాన్ని లాగెయ్యడానికే ప్రతి ఇంటికీ గోడ మొదట్లో ఒక నేలకన్నం. కన్నాల వెనుక గొట్టాలు, గొట్టాల చివర పెద్ద పంకాలు. గడపలో నేల మీద దీపం. దీపం కుంగితే గాలి చెడినట్టు.

గోపాలప్ప ఇంటి నేలకన్నంలో ఎలుక గూడు కట్టింది. తీసేశాం. మీటరు దిగింది. ఆయన మొహం మాత్రం చిన్నబోయింది.

"అంతేనా మేడం? మా మామేమో అనుకుంటి. బతికున్నప్పుడు గూడా నన్ను అట్లనే లేపుతుండె" అన్నాడు.

నేను విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివాను. ఇక్కడికి వచ్చాక గాలి రసాయనం నేర్చుకున్నాను. ఆ రెంటి మధ్య మనిషి ఎక్కడో జారిపోతున్నాడేమోనని నా అనుమానం. వెనక నుంచి పిల్లలు నన్ను గాలమ్మ అంటారు. వాళ్ల అమ్మలూ అంటారు, కొంచెం మెల్లగా.

అడుగు వరస నుంచి ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. సుంకమ్మ పసిబిడ్డ పాలు తాగడం తగ్గించిందట, ఎప్పుడూ మగతగా ఉంటోందట. సుంకమ్మకూ తలనొప్పి. రేపు చూడాలి.


రోహిణి మొదలు

బయట రోహిణి ఎండ. తలుపు దగ్గరి ఇనుము మీద చెయ్యి పెట్టలేం. లోపల అందరి మాటలూ కురచయ్యాయి.

సుంకమ్మ ఇంట్లో మీటరు హద్దుకు కాస్త పైన ఉంది. ఆమె ఇంటి నేలకన్నం బాగానే లాగుతోంది. అంటే చెడ్డగాలి ఇక్కడ పుట్టడం లేదు, పక్క నుంచి పారి వస్తోంది. బరువుగాలి నీళ్లలాంటిది, పల్లం వెతుక్కుంటుంది. సుంకమ్మది వరసలో చివరి ఇల్లు, అన్నిటికంటే పల్లంలో ఉంది. బిడ్డను ఎత్తు పలక మీద పడుకోబెట్టమన్నాను. "పెట్టినా మేడం. అయినా తల వాలుస్తాంది" అంది. బిడ్డ చెయ్యి నా వేలు పట్టుకుంది కాని పట్టులో బలం లేదు.

అక్కడి నుంచి వరసంతా తిరిగాను. ఇల్లిల్లూ అడిగాను, ఏమైనా కనపడిందా, వినపడిందా అని. ఒకామెకు గోడలో పిల్లి అరుస్తోందట. ఒకాయనకు తన పేరు పిలిచినట్టు అవుతోందట, తిరిగి చూస్తే పెళ్లామే పిలుస్తోందట. ప్రతి ఇంట్లో ఏదో ఒకటి. ఒక్క ఇంట్లోనే ఏమీ లేదు.

సుంకమ్మ ఇంటికి పైన ఆనుకునే ఉన్న హుసేనమ్మ ఇల్లు అది. ఆమె భర్త దస్తగిరి ఉత్తరపు పంకా దగ్గర ఫిట్టరు. మొన్న చలికాలంలో పోయాడు. బతికినన్నాళ్లూ ఆ పంకా పక్కనే ఉన్నాడు, చెవులు సగం పోయాయి, అందుకే ఇంట్లో కూడా అరిచి మాట్లాడేవాడు. పోయినవాళ్లు మొదటి ఏడాదిలో కనపడటం ఇక్కడ మామూలు. గాలి బాగున్న ఇళ్లలో కూడా ఎవరో ఒకరు వచ్చి చెప్పుకుంటారు, నేను చూసి శుభ్రం అని రాస్తాను, వాళ్లు కాస్త ఏడ్చి పోతారు. హుసేనమ్మ ఒక్కసారి కూడా రాలేదు.

"నాకేం కనపడలేదమ్మా. ఏం వినపడలేదు. కూర్చో, రాగి గంజి తాగు" అంది.

గంజి తాగాను. ఆమె మామూలుగానే ఉంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చిన్నప్పటి వానల గురించి చెబుతూ పోయింది. గడప దగ్గర దీపం నిటారుగా వెలుగుతోంది. అక్కడే మీటరు పెట్టి చూశాను, ఫర్వాలేదు. వచ్చేశాను.

తల కొద్దిగా బరువుగా ఉంది. గంజి మీద నెట్టాను.


రోహిణి, మర్నాడు

పొద్దున మొహం కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. హుసేనమ్మ దీపం నేల మీద లేదు, పీట మీద ఉంది, నేను మీటరు పెట్టిందీ ఆ పీట మీదే.

ఈ లోగిలిలో పుట్టిన చంటిపిల్ల కూడా దీపాన్ని పీట మీద పెట్టదు. దీపం ఎత్తున ఉంటే కుంగదు. కుంగకూడదనుకున్నవాళ్లే పెట్టాలి.

పరుగెత్తినట్టే వెళ్లాను. ఈసారి గంజి వద్దన్నాను. నేరుగా గది మూలకు పోయి నేల మీద మీటరు పెట్టాను. అది కూసింది. నేలకన్నం ఉండాల్సిన చోట బియ్యం డబ్బా ఉంది. డబ్బా జరిపితే కన్నం నిండా గళ్ల లుంగీ, దాని వెనక ఒక ఖాకీ చొక్కా, గట్టిగా కుక్కి ఉన్నాయి. గ్రీజు మరకల చొక్కా. ఎవరిదో అడగక్కర్లేదు.

లాగబోతే హుసేనమ్మ నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యి అనుకున్నాను, చాలా బలంగా ఉంది.

"తియ్యొద్దమ్మా. తీస్తే పోతాడు."

నేను కూర్చుండిపోయాను. నేల మీద కూర్చోకూడదని గుర్తొచ్చి ఆమెను కూడా లేపి మంచం మీద కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. చలికాలం చివర గొట్టాలు కడగడానికి ఈ వరసకు లాగుడు ఆపిన రోజున దస్తగిరి వచ్చాడట. ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడట. గొట్టాలు మళ్లీ పని మొదలుపెట్టగానే పోయాడట. ఆ తర్వాత ఆమె చాలా రోజులు ఎదురుచూసింది. రాలేదు. చివరికి ఆమెకు ఉపాయం తోచింది.

"ఇదంతా బరువుగాలి చూపించే బొమ్మ పెద్దమ్మా" అన్నాను. నాకే నా గొంతు పాఠం చెబుతున్నట్టు వినిపించింది.

"నువ్వే చెప్పినావు కదమ్మా బళ్లో పిల్లోళ్లకు. నేను వాకిట్లో కూర్చొని విన్యా. గాలి చెడితే పోయినోళ్లు కనపడతారని. కనపడతారని నువ్వే చెప్పినావు. నేను గాలి చెడగొట్టుకున్యా."

కన్నాలు మూయకూడదని భయపెట్టడానికి నేను చెప్పిన పాఠం, ఆమె చేతికి తాళంచెవి అయింది. చదువుకున్న ఇన్నేళ్లలో నా మాటను ఇంత శ్రద్ధగా అమలు చేసినవాళ్లు ఎవరూ లేరు.

సుంకమ్మ బిడ్డ సంగతి చెప్పాను. ఆమెకు ఆ లెక్క తట్టలేదు. తన గది గాలి తన గదిలోనే ఉంటుందనుకుంది. మొహంలో రంగు పోయింది. తనే వంగి లుంగీ లాగింది, చొక్కా లాగింది. కన్నం పెద్దగా ఊపిరి పీల్చినట్టు శబ్దం చేసింది. చొక్కాను ఒళ్లో పెట్టుకుని మడత పెడుతూ, నా వైపు చూడకుండా అంది:

"ఒకటి చెప్తా, రాసుకో. ఆయప్ప వచ్చినప్పుడంతా ఒకటే మాట. ఉత్తరం పంకా కాలుతాంది, మృగశిర దాకా నిలవదు, ఆపి విప్పమని చెప్పు అని. అరిచి చెప్తాడు, నీకు తెల్సు కదా ఆయప్ప గొంతు."

రాసుకోలేదు. మాకు రెండో నిబంధన ఒకటుంది: బరువుగాలిలో విన్న మాట మీద ఏ పనీ చేయకూడదు. లోగిలి కొత్తలో ఒకాయనకు చనిపోయిన తండ్రి వినపడ్డాడట, బయట వాన పడుతోంది తలుపు తియ్యమని. తీశాడు. నిండు రోహిణిలో, ప్రాణాలు తీసే ఎండలో. ఆ రోజు పోయినవాళ్ల పేర్లు తలవాకిలి రాతి మీద చెక్కి ఉన్నాయి. అటు వెళ్లినవాళ్లంతా వాటిని ఒకసారి తాకి వెళతారు. నేనూ తాకుతాను.

బయటికి వస్తే గుమ్మంలో సుంకమ్మ ఉంది. అంతా విన్నట్టుంది.

"నా బిడ్డ ఊపిరి తీసి నీ మొగునికి పెడ్తివా పెద్దమ్మా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.


రోహిణి, ఎండ ముదిరాక

అడుగు వరసలో మీటర్లన్నీ దిగాయి. బిడ్డ పాలు తాగుతోంది, నిన్న నా కళ్లజోడు లాగి పారేసింది. హుసేనమ్మ దీపం నేలకు దిగింది. ఆమె తినడం లేదని పక్కవాళ్లు చెప్పారు.

నా పని అయిపోయింది. చిట్టాలో కారణం, నివారణ రాసి మూసేయవచ్చు. కానీ రెండు రోజులుగా నేను ఒక చోట కూర్చోలేకపోతున్నాను. మీటరు పట్టుకుని పనిలేని చోటికి కూడా తిరుగుతున్నాను.

ఉత్తరపు పంకా మూడు కింది వరసల ఊపిరి. అది హఠాత్తుగా ఆగితే, మనం ఏదో ఒకటి చేసేలోపే గాలి పల్లానికి దిగుతుంది. సుంకమ్మ ఇంటి నుంచి మొదలవుతుంది.

పంకాల మేస్త్రీ ఓబులేసును అడిగాను. దస్తగిరి దగ్గర పని నేర్చుకున్నవాడు. ఎవరు చెప్పారన్నది మింగి, ఉత్తరపు పంకా ఎలా ఉందని మాత్రమే అడిగాను. అతను కొలతలు చూపించాడు. వణుకు మామూలే, వేడి మామూలే. "ఏం మేడం, గాలి చాలక ఇప్పుడు పంకాల మీద పడినారా?" అని నవ్వాడు. ఆపి విప్పి చూడొచ్చా అంటే నవ్వు ఆపాడు. రోహిణిలో దాన్ని ఆపాలంటే మూడు వరసల జనాన్నీ పైకి, తలవాకిలి దగ్గరి హాలుకు ఎక్కించాలి. తలుపు వేడి తగిలే చోటు అది. ముసలివాళ్లు, పసిపిల్లలు ఎంతసేపు ఆగగలరు? ఊరికే అనుమానం మీద అంత పని ఎవరు చేస్తారు?

నేనే పంకా గదికి పోయి గోడకు చెవి ఆనించాను. ముందు ఏమీ తేడా లేదు. కాసేపటికి ఆ హోరు అడుగున సన్నగా ఏదో గీరుతున్నట్టు అనిపించింది. మళ్లీ వింటే లేదు. మళ్లీ వింటే ఉంది. వినాలని వెళ్లినవాళ్లకు వినపడుతుంది, నేనే ఎంతమందికి చెప్పాను ఈ మాట.

తర్కం ప్రకారం ఆలోచిస్తే దారి ఉంది. హుసేనమ్మ ఆ పంకా చప్పుడు వింటూ కాపురం చేసింది. గొట్టం ద్వారా వచ్చే ధ్వనిలో తేడా ఆమె మనసుకు తెలిసి ఉంటుంది, మత్తులో అది భర్త గొంతుతో పలికి ఉంటుంది. బాగుంది. కానీ ఆయన ఆ మాట చెప్పిన రోజుల్లో గొట్టం నోట్లో చొక్కా కుక్కి ఉంది కదా. చప్పుడు ఎటు నుంచి వచ్చింది? రాతి గోడ మోసుకొస్తుందని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. రాయి మోస్తుంది, నిజమే. ఇంత దూరం మోస్తుందా అంటే తెలియదు.

ఒక సులువు ఉంది. పంకా చప్పుడులో తేడా నేనే విన్నానని చెప్పవచ్చు. పరిశీలకురాలి మాట కాబట్టి ఆపుతారు. హుసేనమ్మ పేరు రాదు, దస్తగిరి పేరు రాదు. ఒకవేళ పైన ఎవరికైనా ఏమైనా అయితే, జనం ఏ మాట మీద పైకెక్కారో ఆ మాట అబద్ధమై ఉంటుంది. అలా చెప్పడం నా వల్ల కాదు.


రోహిణి, సభ జరిగిన రోజు

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

హాలులో లోగిలి పెద్ద మద్దిలేటి, ఓబులేసు, కింది వరసల వాళ్లు. హుసేనమ్మను నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఈ మాట ఆమె బరువుగాలిలో విన్నది, చెప్పినవాడు చనిపోయినవాడు, ఇది రెండో నిబంధనకు విరుద్ధం, నాకు నమ్మకం లేదు, అయినా పంకా ఆపి చూడమని అడుగుతున్నాను అన్నాను. నోట్లోంచి వస్తుండగానే అది ఎంత బలహీనంగా ఉందో నాకు వినపడుతోంది.

మద్దిలేటి చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "నమ్మకం లేదంటావు, ఆపమంటావు. ఏందమ్మా ఇది?"

"నమ్మకం లేదన్నది ఎంత నిజమో, లేదని తేల్చలేకపోతున్నానన్నదీ అంతే నిజమండీ. ఆ మాట చెడ్డగాలిలో వచ్చింది. అంతమాత్రాన అది తప్పు మాట అని రుజువు కాలేదు."

వెనక నుంచి ఎవరో, గాలమ్మకే గాలి సోకిందిరా అన్నారు. కొంతమంది నవ్వారు. ఇక్కడ ఇలాంటి మాటలకు నవ్వకూడదు, కానీ ఆ నియమం తమకు కనపడింది చెప్పుకున్నవాళ్లకే, దాని మీద పని చేయమని అడిగినవాళ్లకు కాదనుకుంటాను.

సుంకమ్మ లేచింది. బిడ్డ భుజం మీద ఉంది. "దయ్యం మాట మీద నా బిడ్డను ఆ వేడిలోకి ఎత్తుకొని రాను. ఒకసారి ఆయప్ప వల్ల చావు దాకా పోయొచ్చింది. చాలు" అంది. తలవాకిలి రాతి మీది పేర్లు ఆమె వైపే ఉన్నాయి.

హుసేనమ్మ తల వంచుకునే ఉంది. అప్పుడు ఓబులేసు, నన్ను వదిలేసి ఆమెను అడిగాడు. "పిన్నమ్మా, చిన్నాయన పంకా కాలుతాందనే అన్న్యాడా? ఇంకేమైనా అన్న్యాడా?"

"నిన్ను తిట్న్యాడు నాయనా" అంది ఆమె. "వానికి కొలతలు చూసేది నేర్పిస్తి, చెయ్యి పెట్టి చూసేది మర్చిపోయినాడు, సోంబేరి అన్న్యాడు."

ఈసారి అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. బతికున్న దస్తగిరి అతన్ని ఆ మాటే అనేవాడని అక్కడ అందరికీ తెలుసు. హుసేనమ్మకూ తెలుసు. కాబట్టి ఇది దేనికీ సాక్ష్యం కాదు. ఓబులేసు మాత్రం కాసేపు తన అరచెయ్యి చూసుకుని, "తెల్లారుజామున ఆపుతా. అప్పుడు తలుపు చల్లగుంటాది. ఎండెక్కేలోపల బిగిస్తా" అన్నాడు. మద్దిలేటి సరేనన్నాడు. నిబంధన మీరింది తానూ నేనూ కలిసే అని చిట్టాలో రాయమన్నాడు.

సుంకమ్మ బిడ్డను భుజం మీద సర్దుకుని వెళ్లిపోయింది.


రోహిణి, పంకా ఆపిన ఉదయం

చెమటకు కాగితం తడిసిపోతోంది. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

తెల్లవారుజామున జనం మెట్లెక్కారు. తడి గుడ్డలు, నీళ్ల కుండలు, విసనకర్రలు. చివరగా సుంకమ్మ వచ్చింది, బిడ్డకు తడి తువ్వాలు చుట్టుకుని. నా పక్క నుంచి పోతూ కూడా నన్ను చూడలేదు. హాలులో నిలబడటానికి తప్ప చోటు లేదు.

పంకా ఆగింది. పుట్టినప్పటి నుంచి ఆ హోరులో బతికినవాళ్లకు నిశ్శబ్దం దెబ్బలా తగిలింది. పిల్లలు ఏడ్చారు. ముసలివాళ్లు చెవులు రుద్దుకున్నారు.

ఓబులేసు అనుకున్న టైముకు బిగించలేకపోయాడు. ఒక బోల్టు తుప్పు పట్టి రాలేదు. కోసి తీయాల్సి వచ్చింది. ఈలోగా ఎండెక్కింది. తలుపు ఇనుము టకటకమంటూ సాగడం మొదలైంది. హాలులో ఊపిరి ఆవిరిలా తయారైంది. కొందరు కిందికి పోతామన్నారు. కింద మీటరు అప్పటికే కూస్తోంది, నేనే మెట్ల మొదట నిలబడి చేతులు అడ్డం పెట్టాను. పైన కాలుతోంది, కింద ఊపిరి లేదు, మధ్యలో నేను. ఇంతమందిని ఇక్కడికి తెచ్చింది ఒక ముసలామె కల. ఆ మాట ఎవరూ అనలేదు. అందరి మొహాల మీదా చదువుకున్నాను.

గోపాలప్ప నిలువునా కూలిపోయాడు. ఆయన్ని పట్టుకున్నది హుసేనమ్మ. తల ఒళ్లో పెట్టుకుని, తెచ్చుకున్న ఖాకీ చొక్కాను కుండలో ముంచి మొహం మీద, గుండె మీద పరిచింది. సుంకమ్మ తన కుండలో నీళ్లు కూడా వంచింది. నేను నా పిచ్చితో ఒక మనిషిని చంపేశాననే అనుకున్నాను. ఆ క్షణంలో దస్తగిరి గురించి నాకు ఏ సందేహమూ లేదు. దస్తగిరి లేడు, రాలేదు, అంతా మత్తు.

పంకా మళ్లీ మోగింది. గోపాలప్ప కళ్లు తెరిచాడు. "ఈసారి ఎవరు లాగినారు?" అన్నాడు. ఎవరో ఏడుస్తూ నవ్వారు.

ఓబులేసు పాత బేరింగును గుడ్డలో చుట్టి నా గదికి తెచ్చాడు. ఒక పక్క నీలం రంగు తిరిగింది. బాగా వేడెక్కితే అలా మారుతుందట. గ్రీజు ఎండిపోయి పిడకలా ఉంది. వేడి కొలిచే తీగ ఆ పక్క లేదు, రెండో పక్క ఉంది.

"అయితే ఆగిపోయేదా?" అని అడిగాను. నా గొంతులో ఆశ ఉంది. దేని మీద ఆశో నాకే తెలియలేదు.

"పోతుండెనేమో మేడం. పోకుంటే గూడా ఆశ్చర్యం లేదు" అన్నాడు. "పాత పంకా యాది విప్పినా ఏదో ఒకటి ఉంటాది."

గుడ్డలో మళ్లీ చుట్టి తీసుకుపోయాడు. నాకు ఇస్తాడనుకున్నాను.


మృగశిర

తలుపులు తెరిచారు. పిల్లలు గుట్ట మీద పరుగులు పెడుతున్నారు. పెద్దవాళ్లు కళ్లు చికిలించుకుని మేఘాల వైపు చూస్తూ కూర్చున్నారు.

వరసలన్నీ పైకి వచ్చాయి కాబట్టి ఓబులేసు తీరిగ్గా మిగతా పంకాలూ విప్పాడు. వచ్చి చెప్పాడు, తూర్పు పంకాలో బేరింగు కూడా అలాగే నీలం తిరిగి ఉందట, అలాగే గ్రీజు ఎండి ఉందట. అది వేసవి అంతా ఆగకుండా తిరిగింది. చెప్పి, నేను ఏమంటానో అన్నట్టు నిలబడ్డాడు. అతను ఇప్పుడు రోజూ పంకాల మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడని మాత్రం విన్నాను.

జనం రెండుగా చీలారు. కొందరికి దస్తగిరి మూడు వరసల్ని కాపాడాడు. ఇంకొందరికి గాలమ్మ దయ్యం మాట విని గోపాలప్పను చంపబోయింది. సుంకమ్మ ఏ పక్కా లేదు. తను మాత్రం హుసేనమ్మ గడప ముందు రోజూ గంజి గిన్నె పెట్టి పోతోందట, తలుపు తట్టకుండా. ఇద్దరి మధ్య మాట ఇంకా కలవలేదట.

సాయంత్రం హుసేనమ్మ దగ్గరికి పోయాను. బయట బండ మీద కూర్చుని ఉంది. ఖాకీ చొక్కా ఉతికి ఆరేసింది. ఆ మరకలు పోలేదు.

"మళ్లీ వచ్చాడా పెద్దమ్మా?"

"యాడొస్తాడు. గాలి బాగ చేసినావు కదా."

చొక్కా వైపు చూస్తూ తనే అంది, మెల్లగా, కోపం లేకుండా. "ఆయప్ప మాట నమ్మినావు. ఆయప్పను నమ్మలేదు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. నమ్మలేదు, నిజమే. మాటనైనా నమ్మానా? మెట్ల మొదట చేతులు అడ్డం పెట్టి నిలబడ్డప్పుడు అదీ లేదు. అప్పుడు, ఎందుకో తెలియదు, అక్క గురించి ఆమెకు చెప్పాను. మూసిన కొండలో నన్నారి వాసన గురించి. ఇక్కడ విడిగా రాసుకున్నాను గాని, ఒక మనిషికి నోటితో చెప్పడం ఇదే మొదలు.

ఆమె శ్రద్ధగా వింది. తర్వాత అచ్చం నాలాగే, తల కాస్త పక్కకు వంచి అడిగింది.

"గాలి చూసుకున్యావా?"

"చూసుకున్నా. శుభ్రంగానే ఉంది."

"అయితే మరి?"

"తెలీదు పెద్దమ్మా."

ఆమె తడి ఆరని చొక్కాను రెండో వైపు తిప్పి వేసింది.

హుసేనమ్మ విన్న మాటకు చిట్టాలో గాలి అని రాయాలి, లేదా శుభ్రం అని రాయాలి. మద్దిలేటి రెండుసార్లు గుర్తు చేశాడు. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. దస్తగిరి వచ్చాడో, లేక ఆమె జీవితమంతా విన్న పంకా చప్పుడే ఆయన గొంతు తొడుక్కుని వచ్చిందో నేను తేల్చుకోలేదు. ఆపకపోతే ఆ పంకా ఆగిపోయేదో లేదో తెలియదు. మళ్లీ ఎవరైనా అలాంటి మాటతో నా దగ్గరికి వస్తే, జనాన్ని మెట్లెక్కిస్తానో లేదో అదీ తెలియదు. అక్క సంగతి కూడా నిన్నటికీ ఇవాళ్టికీ నాకు తేలకుండా అలాగే ఉంది.